గురువుగారు కన్ను మార్చుకోమంటున్నారు

ప్రశ్న: సార్, నాకు 26 ఏళ్ళు. తెనాలి దగ్గర పల్లెటూరు మాది. నాలుగేళ్ళుగా ఒక స్టూడియోలో పని చేస్తున్నాను, పెళ్ళిళ్ళకి రెండో కెమెరా నాదే. నాది కుడిచేతి వాటం, కానీ ఫైండర్‌లోకి (కెమెరాకి కన్ను ఆనించి చూసే కిటికీ) మొదటినుంచీ ఎడమ కన్నుతోనే చూస్తాను. మా గురువుగారికి అది నచ్చదు. "ఎడమ కన్ను వాడు ఫొటోగ్రాఫర్ కాలేడు, కన్ను మార్చుకో" అంటారు. ఆయన మాట మీద రెండు నెలలు కుడి కన్నుతో ప్రయత్నించాను. సాయంత్రానికి నుదురు లాగేసి తలనొప్పి వస్తోంది. ఫైండర్‌లో అంకెలు ఒకసారి కనపడతాయి, ఒకసారి అలుక్కుపోతాయి. మొన్న ఒక పెళ్ళిలో జీలకర్ర-బెల్లం అయ్యాక తెర దించే క్షణం తప్పిపోయింది, అందరి ముందూ తిట్టారు. పోనీ ఎడమ కన్నుతో తీద్దామంటే ముక్కు స్క్రీన్‌కి తగిలి ఫోకస్ ఎటో పోతుంది. కెమెరా గురువుగారిదే, ఇద్దరం వాడతాం. ఆయన కళ్ళద్దాలు నుదుటి మీదకి నెట్టి చూస్తారు. ఇంకో సంగతి, రాత్రి బండి మీద ఇంటికొచ్చేటప్పుడు ఎదుటి లైట్లు కుడి కంటికి చీపురుపుల్లల్లా విచ్చుకుని కనపడతాయి. నా కళ్ళలో లోపం ఉందా? ఈ పని మానేయాలా?
– గుంటూరు జిల్లా నుంచి ఒక పాఠకుడు

జవాబు: పని మానక్కర్లేదు. కన్నూ మార్చుకోనక్కర్లేదు. కుడి కన్ను మాత్రం ఒకసారి డాక్టరుకి చూపించుకోవాలి. ఇంతటితో ఆపేయొచ్చు గానీ, ఎందుకో చెప్పకపోతే మీరు గురువుగారి ముందు నోరు విప్పలేరు. పైగా ఇది నా గోడు కూడా. నేనూ ఎడమ కన్ను వాణ్ణే.

నేను పని నేర్చుకున్నది ఫిల్మ్ రోజుల్లో. ఒక ఫొటో తీశాక రీలు తర్వాతి ఫ్రేముకి జరపాలంటే కెమెరా మీద కుడి మూల ఉన్న లీవర్‌ని బొటనవేలితో లాగాలి. కుడి కన్నుతో చూసేవాడికి ఆ లీవర్ చెంప పక్కన గాల్లో తిరుగుతుంది. ఎడమ కన్నుతో చూస్తే మొహం కుడి సగమంతా కెమెరా వెనకే ఉంటుంది కాబట్టి బొటనవేలూ లీవరూ కలిసి సరాసరి కుడి కంటిమీదకి వస్తాయి. ఒక పెళ్ళిలో మంగళసూత్రం కడుతున్నారు. మొదటి ముడి తీశాను, లాగాను. రెండో ముడి తీశాను, కంగారులో గట్టిగా లాగాను. కళ్ళద్దాలు ఎగిరి అక్షింతల పళ్ళెంలో పడ్డాయి. అవి తుడిచి పెట్టుకునేసరికి మూడో ముడి అయిపోయింది. ఆల్బమ్ చూసిన పెళ్ళికొడుకు మేనమామ "ఏమయ్యా, మావాడు రెండు ముళ్ళే వేశాడా?" అన్నాడు. ఆ తర్వాత చాలా ఏళ్ళు, ఎక్కడ కనపడ్డా ఆయన పలకరింపు అదే. అందుకే మీ తెర సంగతి చదివి నవ్వొచ్చింది, ఏమీ అనుకోకండి.

సరే, ముందు మీది నిజంగా ఎడమ కన్ను వాటమేనా, లేక కుడి కన్ను సరిగా కనపడక ఎడమదానికి అలవాటు పడ్డారా అన్నది తేలాలి. రెండూ పైకి ఒకేలా ఉంటాయి, కానీ వేరు వేరు సంగతులు.

చేతికి వాటం ఉన్నట్టే కంటికీ ఉంటుంది. గోళీలాటలో గురి చూసేటప్పుడు, ఉండేలు లాగేటప్పుడు ఏ కన్ను మూసేవాళ్ళో గుర్తు తెచ్చుకోండి. వడ్రంగి చెక్క అంచు సాపుగా ఉందో లేదో చూసేటప్పుడు దాన్ని మొహం దగ్గరికి ఎత్తి ఒక కన్ను మూస్తాడు. ఏ కన్ను మూయాలని ఆలోచించడు, ఎప్పుడూ అదే కన్ను. ఆ తెరిచి ఉన్న కన్నే ఆయన వాటం కన్ను. ఇంగ్లీషులో డామినెంట్ ఐ అంటారు.

తేల్చుకోవడం తేలిక. రెండు అరచేతులూ ముందుకు చాచి, బొటనవేళ్ళ దగ్గర చిన్న సందు మిగిలేలా ఒకదానిమీద ఒకటి పెట్టండి. రెండు కళ్ళూ తెరిచే ఉంచి, ఆ సందులోంచి నాలుగైదు మీటర్ల దూరంలో ఉన్న గోడ గడియారాన్ని చూడండి. ఇప్పుడు చేతులు కదపకుండా ఒక్కో కన్నూ మూయండి. ఒక కన్ను మూస్తే గడియారం అక్కడే ఉంటుంది, రెండోది మూస్తే మాయమవుతుంది. ఏది మూస్తే మాయమైందో అదే వాటం కన్ను. ఒక్కసారితో తేల్చేయకండి, నాలుగైదు సార్లు చేయండి. వస్తువు తిన్నగా ఎదురుగా ఉండాలి. బాగా పక్కకి ఉన్నదాన్ని చూస్తే ఆ పక్క కన్ను పెత్తనం తీసుకునే వీలుంది.

ఇంకోటి నాకు బాగా ఇష్టం, ఎందుకంటే రుజువు చేతికొస్తుంది. స్నేహితుడి చేతికి ఫోన్ ఇచ్చి మూడు మీటర్ల దూరంలో నిలబెట్టండి. మీరు రెండు కళ్ళూ తెరిచి, చెయ్యి చాచి, చూపుడువేలి కొనతో ఫోన్ కెమెరా గుండ్రాన్ని సూటిగా చూపించండి. అతన్ని ఫొటో తీయమనండి. ఫొటోలో మీ వేలికొన మీ ముక్కుకి ఎదురుగా ఉండదు, ఏదో ఒక కంటికి అడ్డంగా ఉంటుంది. ఆ కన్నే. వేలితో గురిపెట్టి చూసుకునే ఈ పద్ధతి కొత్తదేమీ కాదు. ఇటలీలో నేపుల్స్‌కి చెందిన జాంబత్తిస్తా డెల్లా పోర్తా 1593లోనే రాసిపెట్టాడు. అప్పటికి ఫొటో అన్న మాటే లేదు.

జనంలో దాదాపు మూడింట రెండొంతుల మందిది కుడి కన్ను వాటం, మిగతావాళ్ళలో ఎక్కువమందిది ఎడమ. ఎడమచేతి వాటం ఉన్నవాళ్ళు నూటికి పదిమంది మాత్రమే. లెక్క మీరే వేసుకోండి, కుడిచేత్తో అన్నం తిని ఎడమ కన్నుతో గురిచూసేవాళ్ళు ఎంతమంది ఉంటారో. చేతికీ కంటికీ లంకె ఎందుకు గట్టిగా లేదంటే, రెంటి వైరింగు వేరు. కుడిచేతిని నడిపేది ఎడమ మెదడు, అంతే. కన్ను అలా కాదు. ఒక్కో కంటి నుంచి వచ్చే నరాలు సగం సగంగా చీలి మెదడులో రెండు వైపులకీ పోతాయి. ఎడమ కన్ను ఎవరి సొత్తూ కాదన్నమాట.

ఇంకో అపోహ కూడా పోవాలి. వాటం కన్ను అంటే చూపు బాగున్న కన్ను అని కాదు. రెండు కళ్ళూ సమానంగా కనపడేవాళ్ళకీ వాటం ఉంటుంది. వాటం కంటికే సైటు ఎక్కువగా ఉన్నవాళ్ళూ ఉంటారు. గురి చూడాల్సి వచ్చినప్పుడు మెదడు ఎవరి మాట వింటుందన్నదే వాటం, అంతకు మించి ఏమీ లేదు.

ఇక మీ గురువుగారి మాట. అందులో సగం నిజం ఉంది. ఆ సగం మీ కంటి గురించి కాదు, కెమెరాల గురించి.

వెనకటికి ఆరో నిజాం దగ్గర పనిచేసిన రాజా దీన్ దయాళ్ లాంటివాళ్ళు పెద్ద పెట్టె కెమెరాలు వాడారు. నల్లగుడ్డ కప్పుకుని, గాజు పలక మీద తలకిందులుగా పడే బొమ్మని రెండు కళ్ళతో చూసేవాళ్ళు. తర్వాత మన స్టూడియోల్లోకి వచ్చిన రెండు లెన్సుల యాషికా కెమెరాలదీ అదే తంతు. బొడ్డు దగ్గర పట్టుకుని, తల వంచి, రెండు కళ్ళతోనూ చూడటమే. ఏ కన్ను అని అడిగిన పాపాన ఎవరూ పోలేదు. కెమెరా కంటి ఎత్తుకి లేచాకే ఈ గొడవ మొదలైంది. 1954లో వచ్చిన లైకా ఎం3 కెమెరా చూడండి, ఫైండరు వెనక ఎడమ మూల ఉంటుంది. కుడి కన్ను అక్కడ పెడితే ముక్కు కెమెరా బయటికి వస్తుంది, ఎడమ కన్ను ఖాళీగా లోకాన్ని చూస్తుంది. ఎడమ కన్ను పెడితే మొహమంతా కెమెరాతో మూసుకుపోతుంది. అది కుడి కన్ను వాళ్ళ కోసం కట్టిన ఇల్లు. ఫొటో తీసే మీటా దాదాపు ఎప్పుడూ కుడివైపే. 1936లో జర్మనీలోని డ్రెస్డెన్‌లో తయారైన కినే ఎగ్జాక్టాకి మీట ఎడమవైపు ఉండేది, లీవరూ ఎడమవైపే. ఆ తోవ ఎక్కువమంది పట్టలేదు.

మీ గురువుగారి కాలంలో లీవర్ దెబ్బ తిన్నవాళ్ళని ఆయన చూసే ఉంటారు. ఫొటోకీ ఫొటోకీ మధ్య కెమెరా మొహం మీంచి తీయాల్సి వచ్చేది, నిజంగానే ఒకటి రెండు సెకన్లు పోయేవి. ఆ సలహాకి అప్పట్లో అర్థం ఉంది. ఇప్పుడు లీవర్ పోయింది, సలహా మిగిలింది.

ఇంకోరకం గురువులూ ఉంటారు, వాళ్ళు చెప్పేది కరెక్టే. విజయవాడలో ఎవరైనా విలువిద్య కోచ్‌ని అడగండి. కుడిచేత్తో వింటినారి లాగే కొత్త పిల్లవాడిది ఎడమ కన్ను వాటమైతే బాణం ఎడమకి పోతుంది, ఎందుకంటే బాణం బయల్దేరేది కుడి కంటి కిందనుంచి, గురి చూసేది ఎడమ కన్ను. అందుకే మొదట్లోనే ఎడమచేతి విల్లు పట్టిస్తారు, లేదంటే ఎడమ కంటికి అడ్డు పెట్టి కుడి కన్నుతో అలవాటు చేయిస్తారు. కెమెరాలో ఆ బాధ లేదు. మీ కెమెరా ఫైండర్‌లో కనపడేది లెన్స్ చూసిందే. ఏ కన్ను పెట్టినా బొమ్మ ఒకటే. మారేది మీ ముక్కు ఎక్కడ ఉంటుందన్నదే.

ముక్కు సంగతి ఇప్పుడు చూద్దాం, అది నిజమైన సమస్య. ఎడమ కన్ను ఫైండర్‌కి పెడితే ముక్కు దానికి కుడివైపు వచ్చి స్క్రీన్ కుడి సగం మీద ఆనుతుంది. కంపెనీలేమో కుడి బొటనవేలితో ఫోకస్ జరుపుకోమని సరిగ్గా ఆ కుడి సగాన్నే తెరిచిపెడతాయి. మీ ముక్కుని బొటనవేలు అనుకుంటుంది కెమెరా! సోనీలో టచ్ ప్యాడ్ సెట్టింగ్స్ అని, కెనాన్‌లో టచ్ అండ్ డ్రాగ్ ఏఎఫ్ సెట్టింగ్స్ అని మెనూలో ఉంటుంది. అందులో ఏ ప్రాంతం పనిచేయాలో ఎంచుకోవచ్చు. కుడివైపు పై మూలకి కుదించి చూడండి. అప్పటికీ ముక్కు తగిలితే ఫైండర్‌లో చూసేటప్పుడు టచ్ పనిచేయకుండా ఆపేసి, జాయ్‌స్టిక్‌తో ఫోకస్ జరుపుకోండి. మీ కెమెరా స్క్రీన్ పక్కకి తెరుచుకునే రకమైతే ఇంకా సులువు. దాన్ని తిప్పి, అద్దం లోపలికి పోయేలా మూసేయండి. ముక్కు ప్లాస్టిక్ వీపుకి తగులుతుంది, ఏమీ కాదు, చెమట మరకలూ ఉండవు.

వెనక బటన్‌తో ఫోకస్ చేసే అలవాటుంటే ఎడమ కన్ను వాళ్ళకి బొటనవేలు చెంపకి గుచ్చుకుంటుంది. నేను అది మానేసి మీట సగం నొక్కే పాత పద్ధతికే వచ్చాను, ఏమీ నష్టపోలేదు. ఫైండర్ చుట్టూ ఉండే రబ్బరు కప్పు కొంచెం పొడవైనది దొరికితే వేయించుకోండి. మొహానికీ కెమెరాకీ మధ్య వేలెడు చోటు దొరుకుతుంది.

నిలువు ఫ్రేముల దగ్గర మాత్రం ఎడమ కన్నుకి ఒక లాభం ఉంది, దాన్ని చాలామంది వాడుకోరు. నిలువుగా తీసేటప్పుడు అందరూ కుడిచెయ్యి పైకి లేచేలా కెమెరా తిప్పుతారు. మీరు కుడిచెయ్యి కిందికి వచ్చేలా తిప్పండి. అప్పుడు ఫైండర్ కుడివైపుకి వస్తుంది, మిగతా కెమెరా అంతా ఎడమవైపుకి పోతుంది. ముక్కు బయటపడుతుంది. మూసుకుపోయిన కుడి కన్ను తెరుచుకుని మండపమంతా కనపడుతుంది. మోచెయ్యి డొక్కకి ఆనుతుంది కాబట్టి చేతి వణుకూ తగ్గుతుంది. కెమెరా అడుగున తగిలించే బ్యాటరీ గ్రిప్ మీద ఉండే రెండో మీట మీకు పనికిరాకుండా పోతుంది, అంతే. తెర దించేటప్పుడు ఇలా పట్టుకుని, ఎడమ కన్ను ఫ్రేము మీద, కుడి కన్ను తెర పట్టుకున్న ఇద్దరి చేతుల మీద పెట్టండి. తెర జారేముందు వాళ్ళు పురోహితుడి వైపు చూస్తారు, వేళ్ళు వదులవుతాయి. ఆ కదలిక ఫ్రేములో ఉండదు, బయట ఉంటుంది. మీకు కావలసింది ఆ అర సెకను ముందస్తు కబురే.

రేపు సొంతంగా కెమెరా కొనుక్కునేటప్పుడు ఫైండర్ నడిమధ్యలో ఉన్నదే కొనండి. లైకాలా మూలన ఫైండర్ ఉండే చిన్న కెమెరాలు చూడ్డానికి ముచ్చటగా ఉంటాయి, సోనీ ఏ6000 వరసవీ, ఫూజీ ఎక్స్-ప్రో వరసవీ. ఎడమ కన్నుకి అవి ఇరుకు చొక్కా లాంటివి.

ఇప్పుడు తలనొప్పి. మీ ఉత్తరంలో నన్ను ఆపింది ఒక చిన్న వాక్యం. కెమెరా ఇద్దరిదీ, గురువుగారు అద్దాలు నుదుటి మీదకి నెట్టి చూస్తారు. అక్కడే దొంగ దొరికినట్టుంది నాకు.

ఫైండర్ పక్కన చిన్న చక్రం ఉంటుంది, డయాప్టర్ చక్రం. అద్దాలు లేకుండా చూసేవాళ్ళకి ఫైండర్‌లోనే ఆ పవర్ సర్దిపెట్టేది అదే. గురువుగారు తన కంటికి తగ్గట్టు దాన్ని తిప్పుకుని ఉంటారు. అదే కెమెరా మీరు తీసుకుని మీ కన్ను పెట్టారు. ఆయన అద్దాలు మీరు రెండు నెలలు పెట్టుకుని పని చేశారన్నమాట! ఆయనకి దూరం చూపు తక్కువైతే చక్రం మైనస్ వైపు ఉంటుంది. 26 ఏళ్ళ కన్ను దానికి లోపలి కండరం బిగించి ఎలాగోలా సర్దుకుంటుంది, అంకెలు కనపడతాయి, సాయంత్రానికి నుదురు పట్టేస్తుంది. ఆయనకి ప్లస్ అవసరమై చక్రం అటు తిప్పి ఉంటే మీ కన్ను ఎంత ప్రయత్నించినా సర్దుకోలేదు, మసకే. అన్నట్టు మన చత్వారం అన్న మాట సంస్కృతంలో నలభై అని అర్థమున్న చత్వారింశత్ నుంచి వచ్చిందంటారు. నలభై దాటాక దగ్గరి చూపుకి సర్దుకునే శక్తి తగ్గుతుందని పేరులోనే పెట్టేశారు పెద్దలు.

చక్రం సరిచేసే పద్ధతి ఇది. లెన్స్‌ని ఖాళీ గోడ వైపు తిప్పండి. ఎదుటి బొమ్మని కాదు, ఫైండర్ అడుగున ఉండే అంకెల్ని చూడండి. చక్రాన్ని ముందు ప్లస్ వైపు చివరిదాకా తిప్పి, అక్కడినుంచి మెల్లగా వెనక్కి రండి. అంకెల అంచులు మొదటిసారి పదునుగా కనపడిన చోట ఆపేయండి. ఇంకా తిప్పినా స్పష్టంగానే ఉంటుంది, కానీ అది కంటి కష్టార్జితం, ఆ తోవే తలనొప్పికి పోతుంది. ఆ స్థానం దగ్గర మార్కర్‌తో చిన్న చుక్క పెట్టండి, గురువుగారి స్థానం దగ్గర ఇంకో రంగు చుక్క. కెమెరా చేతులు మారిన ప్రతిసారీ చక్రం చుక్క మీదకి వస్తే చాలు. ఇది ముందు ఎడమ కంటితో చేయండి, అదే మీరు వాడబోయే కన్ను.

తర్వాత కుడి కంటితోనూ ఇదే చేయండి. ఇది పని కోసం కాదు, పరీక్ష కోసం. చక్రం కొంచెం జరిపితే అంకెలు స్పష్టమైతే రెండు కళ్ళ పవర్లలో కాస్త తేడా ఉందని అర్థం. ఎంత తిప్పినా అడ్డగీతలు తేరుకుని నిలువుగీతలు అలుక్కుపోయినట్టో, లేక అటుదిటో ఉంటే అది సిలిండర్ పవర్. కంటి ముందు పొర, అంటే కార్నియా, బంతిలా గుండ్రంగా కాకుండా ఒక దిక్కుకి ఎక్కువ వంగి ఉండటం వల్ల వస్తుంది. డయాప్టర్ చక్రం దాన్ని సరిచేయలేదు, అద్దాలే గతి.

ఇంట్లో చేసుకునే ఇంకో పరీక్ష ఉంది, ఫొటోగ్రాఫర్‌కి ఇట్టే అర్థమవుతుంది. విజిటింగ్ కార్డుకి గుండుసూదితో బెజ్జం పెట్టి, ఎడమ కన్ను మూసి, కుడి కన్నుతో ఆ బెజ్జంలోంచి దూరంగా ఉన్న బోర్డు చదవండి. మసక తగ్గితే అది అద్దాలతో పోయే మసకే. లెన్స్ లోపలి బెజ్జాన్ని ఎఫ్ 16 దాకా చిన్నది చేస్తే ఫోకస్ కాస్త తప్పినా బొమ్మ పదునుగా వస్తుంది కదా, అదే కిటుకు. బెజ్జంలోంచి చూసినా మసక అలాగే ఉంటే ఆలస్యం చేయకుండా డాక్టరు దగ్గరికి వెళ్ళండి.

మీరు ఎలాగూ వెళ్ళాలి, ఆ లైట్ల కోసం. హెల్మెట్ అద్దం మీద గీతలుంటే లైట్లు విచ్చుకుంటాయి, కానీ అది రెండు కళ్ళకీ కనపడాలి. మీకు కుడి కంటికే. మామూలు సిలిండర్ పవర్ కావచ్చు, చాలాసార్లు అదే. అయితే మీ వయసులో కెరటోకోనస్ అనే ఇంకో సంగతి కూడా డాక్టర్లు చూస్తారు. కంటి ముందు పొర పలచబడి కొనదేలుతుంది, సాధారణంగా టీనేజీలోనో ఇరవైల్లోనో మొదలవుతుంది, కళ్ళు బాగా నులుముకునే అలవాటున్నవాళ్ళలో ఎక్కువ. తొందరగా కనిపెడితే క్రాస్ లింకింగ్ అనే చికిత్సతో ముదరకుండా ఆపే వీలుంది, అందుకే దాని పేరు ఎత్తాను గానీ భయపెట్టడానికి కాదు. నేను డాక్టర్ని కాను. "లైట్లు కుడి కంటికే విచ్చుకుంటున్నాయి, కార్నియా స్కాన్ అవసరమా?" అని ఈ మాటల్లోనే అడగండి. హైదరాబాద్‌లో 1987లో మొదలైన ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థకి విజయవాడలోనూ ఆసుపత్రి ఉంది, మీకు దగ్గరే. లేదంటే గుంటూరులో ఏ మంచి కంటి డాక్టరైనా సరే. కళ్ళద్దాల షాపులో మిషన్ మీద గడ్డం పెట్టి కాగితం తెచ్చుకుంటే మాత్రం ఈ విషయం తేలదు.

చిన్నప్పటినుంచీ కుడి కన్ను మందంగా ఉండిపోయి, అద్దాలు పెట్టినా పూర్తిగా తేరుకోదని డాక్టరు చెప్పే అవకాశమూ ఉంది. సోమరి కన్ను అంటారు దాన్ని. పసితనంలో మంచి కంటికి పట్టీ కట్టి దాన్ని దారికి తెస్తారు, మీ వయసులో దానివల్ల ఒరిగేది తక్కువ. అలా అయితే మీరు ఈ రెండు నెలలూ చేసింది కుంటికాలితో పరుగు పందెం. అప్పుడూ దిగులు పడకండి. మన్సూర్ అలీ ఖాన్ పటౌడీ 1961 జులైలో ఇంగ్లండ్‌లోని హోవ్‌లో కారు ప్రమాదంలో కుడి కంటి చూపు పోగొట్టుకున్నాడు. ఆ డిసెంబరులోనే ఢిల్లీలో ఇంగ్లండ్ మీద మొదటి టెస్టు ఆడాడు. 1962 మార్చిలో 21 ఏళ్ళకే భారత జట్టు కెప్టెన్. ఆరు టెస్టు సెంచరీలూ ఆ తర్వాతవే. రంజీల్లో మన హైదరాబాద్‌కి కూడా ఆడాడు, జయసింహ కెప్టెన్సీలో. ప్రమాదం తర్వాత మొదట్లో లైటర్‌తో సిగరెట్ ముట్టించబోతే మంట సిగరెట్‌కి అందేది కాదట, జగ్గులోంచి నీళ్ళు పోస్తే గ్లాసు బయట పడేవట. రెండు కళ్ళు ఇచ్చే లోతు పోయినా నీడలు, సైజులు, ఒకదానికొకటి అడ్డం రావడం, ఇవన్నీ చూసి మెదడు దూరాన్ని లెక్కగట్టడం నేర్చుకుంటుంది.

ఇక్కడే ఒంటికన్ను చూపు మనకి పనికొచ్చేది ఒకటుంది. రెండు కళ్ళతో చూస్తే పెళ్ళికొడుకు వేరుగా, వెనకున్న మండపం స్తంభం వేరుగా కనపడతాయి. కెమెరాది ఒంటికన్ను. అందులో ఆ స్తంభం అతని తలపాగాలోంచి మొలిచినట్టు వస్తుంది. కెమెరా ఎత్తేముందు ఒక కన్ను మూసి చూడటం నాకు అలవాటు. లోకం బల్లపరుపుగా ఆల్బమ్ పేజీలా మారిపోతుంది, స్తంభం ఎక్కడుందో పట్టుబడుతుంది. ఒక అడుగు పక్కకి జరిగితే చాలు. ఆ కన్ను ఏదైనా ఒకటే.

మిగిలింది గురువుగారు. ఇదంతా తీసుకెళ్ళి ఆయన మీద కుమ్మరించకండి. నాలుగేళ్ళు పని నేర్పిన మనిషి. నలుగురి ముందూ తిట్టడం తప్పే, కానీ తెర ఫొటో లేని ఆల్బమ్ పెళ్ళివాళ్ళ ముందు పెట్టాల్సింది ఆయనే కదా. పని తక్కువున్న రోజు, ఆషాఢంలోనో మూఢంలోనో, టీ తెప్పించి డయాప్టర్ చక్రం మీద చుక్కల సంగతి చెప్పండి. "మీ చుక్క చెరగకుండా చూసుకుంటాను సార్" అంటే ఆయన కాదనరు. తర్వాత సరదాగా ఆయన్ని మూడు మీటర్ల దూరంలో నిలబెట్టి, రెండు కళ్ళూ తెరిచి మీ ఫోన్ కెమెరా వైపు వేలు చూపించమనండి. ఒక ఫొటో తీసి, ఇద్దరూ కలిసి పెద్దది చేసి చూడండి. ఆయన వేలు ఏ కంటి ముందు ఆగిందో నాకూ ఒక ముక్క రాయండి.